పహాణీలో మా ముత్తాత
(రెండు తెలుగు రాష్ట్రాల కార్యకర్తల ఉమ్మడి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకిచ్చిన అంశం ‘భూమి రికార్డులు చదవడం ఎట్లా’. సర్వే నంబరు, ఖాతా నంబరు అని మొదలుపెట్టి గంటసేపు చెప్పొచ్చు. భోజనాలయ్యాక చెప్పే తరగతి కాబట్టి అట్లా చెబితే సగం మందికి కునుకు పడుతుంది. అందుకని మా ఇంటి సంగతి ఒకటి చెబుతాం. రికార్డుల విషయం అందులోనే వస్తుంది.

మేము అంటే ఒకే ముత్తాత కడుపున పుట్టిన మూడు ఇళ్ల పిల్లలం. ఆ ముత్తాత ఎవరో, ఏం చేశాడో తెలుసుకుందామని రెండేళ్లుగా కచేరీల చుట్టూ తిరిగాం. ఆయన నాయకుడు కాదు, పటేలు కాదు. అక్షరం ముక్క రాదు. ఫొటో లేదు. తెలంగాణలో ఒక మెట్ట ఊళ్లో దొర భూమి కౌలుకు చేసిన రైతు, అంతే. ఆయన గురించి మా ఇళ్లలో మిగిలిన మాటలు మూడే. కరువుకు ఎక్కడినుంచో వచ్చాడన్నది ఒకటి. వాగు పక్కన నాలుగెకరాలు చేశాడన్నది రెండోది. ఆ భూమి పోయిందన్నది మూడోది. ఎట్లా పోయిందని అడిగితే ఒకరు అప్పుకు పోయిందన్నారు, ఒకరు ఊరొదిలి పోయాడన్నారు. ఎక్కువమంది చెప్పింది మాత్రం కల్లు తాగి పోగొట్టాడని. మా తాత కూడా అదే చెప్పేవాడు. మా ఇళ్లలో ఎవరైనా కాస్త దుబారా చేస్తే “ముత్తాత పోలిక” అనడం అలవాటు. అరవై ఏళ్లు ఆ మాట మోశాం.

రాజుల సంగతి వెతకాలంటే శాసనాలున్నాయి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నాటి ఫర్మానాలు, ఫారసీ కాగితాలు ఉన్నాయి. జమీందారుకు వంశ చరిత్ర రాసిపెట్టే కవి ఉండేవాడు. రెడ్ల ఇళ్లకు, కాపుల ఇళ్లకు పిచ్చిగుంట్ల వాళ్లు ఏటా వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, పెద్దల పేర్లు పాడి గింజలు తీసుకుపోయేవాళ్లు. ఆ వృత్తి కూడా ఇప్పుడు పోతున్నది. మరి మామూలు కౌలురైతు పేరు ఎవరు రాశారు, ఎందుకు రాశారు? వెతగ్గా మాకు తెలిసింది ఒకటే. ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఉన్నప్పుడే ఆయన పేరు రాశారు. శిస్తు తీసుకోవాలన్నా, వెట్టి తీసుకోవాలన్నా, ఓటు తీసుకోవాలన్నా. చట్టం భయంతో ఎప్పుడో ఒకసారి ఇవ్వడానికి కూడా రాశారు, అది తర్వాత చెబుతాం.

దీనికి పెద్ద సాక్ష్యం సముద్రం అవతల ఉంది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మంది కూలీలతో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అక్కడి చెరకు తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద పోయిన మొదటి ఓడ అది. 1911 దాకా అట్లా లక్షన్నర మందికి పైగా పోయారు, అందులో మన తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది. ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. ఎడమ మోకాలి మీద గాటు ఉంటే అది కూడా. దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో, ఫిజీలో ఉన్న తెలుగువాళ్ల మనవళ్లు ఈ నంబరు పట్టుకుని ఊళ్లు వెతుక్కుంటూ వస్తారు. కూలీ పారిపోతే పట్టుకోవాలి కాబట్టి మచ్చలు రాశారు గాని, ఆయన మీద ప్రేమతో కాదు. ఊళ్లోనే ఉండి దున్నుకున్న మా ముత్తాతకు ఆ మాత్రం ఆనవాలు కూడా లేదు. ఎత్తెంతో తెలియదు.

సరే, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? మనిషి పేరుతో కాదు, పొలంతో. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పేర్లు మారిపోతాయి, సర్వే నంబరు మారదు. విడిపోయి బై నంబర్లు పడితే పడొచ్చు, మొదటి అంకె నిలుస్తుంది. మా నాయిన చిన్నప్పుడు పశువులు మేపిన చోటును ‘వాగుచెలక’ అనేవాళ్లు. ఊళ్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని ఆ చెలకలో నిలబడి, చుట్టూ ఎవరి గెట్లున్నాయో అడిగి, గ్రామ పటంలో సర్వే నంబరు పట్టుకున్నాం. దానికి ఒక పూట పట్టింది. ఆ పూట లేకపోతే మిగతా రెండేళ్లు దండగే.

తెలంగాణలో ఒక సర్వే నంబరు వెనక్కు చూడాలంటే అన్నిటికంటే ముందున్నది సేత్వార్. నిజాం కాలంలో సర్వే చేసి బందోబస్తు వేసినప్పుడు రాసిన రిజిస్టరు. దాంట్లో పట్టాదారు పేరు, విస్తీర్ణం, శిస్తు ఉంటాయి. మా వాగుచెలకకు దాంట్లో దొర తాత పేరుంది. దున్నినవాడు ఎవరో దానికి పట్టదు. కాబట్టి మీ పెద్దలు పట్టాదారులైతే సేత్వార్ చూడండి. కౌలుదారులైతే అక్కడ టైము పెట్టకండి.

మనబోటి వాళ్లకు అసలైన పుస్తకం 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పొలం పొలం తిరిగి రాసినది. పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఏ హోదాలో ఉన్నారు, ఏ పంట ఉంది అని వేరువేరు గళ్లున్నాయి. తెలంగాణలో హక్కుల రికార్డుకు ఈనాటికీ దాన్నే పునాదిగా చూస్తారు. దాని తర్వాతిది సేసల పహాణీ. ‘సేసల’ అంటే మూడేళ్లని, 1955 నుంచి 1958 దాకా కలిపి రాసింది. ఆ తర్వాత ఏటేటా పహాణీలు. మార్పులు ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో జరిగాయో ఫైసల్ పట్టీలో ఉండాలి. ఉండాలి అంటున్నాం, ఉంటుందని కాదు. చాలా ఊళ్లకు ఆ సంవత్సరాల కట్టలు చెదలు పట్టాయి, కొన్ని ‘దొరకలేదు’ అని రాసిచ్చారు. దొరకలేదని రాసిచ్చిన కాగితం కూడా దాచుకోండి, అదీ ఒక రుజువే.

ఆంధ్ర నుంచి వచ్చిన మిత్రులకు ఈ పేర్లు కొత్త. మీకు మూలం ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉంటుంది గనుక కరణాలు డైగ్లాట్ అనేవాళ్లు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది, ఆ జమీందారీ గ్రామాలకు తర్వాత తయారైన ఫెయిర్ అడంగల్ చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట వట్టి చుక్కలు పెట్టిన భూములున్నాయి. వాటి కోసమే 2017లో చుక్కల భూముల చట్టం తేవాల్సి వచ్చింది. ఒక మనిషి బదులు చుక్కలు! దాని మీద ఇంకో తరగతే పెట్టాలి, ఇక్కడ వదిలేస్తున్నాం.

పాత కాగితాల్లో మొదట తికమక పెట్టేది ఫసలీ. 1364 ఫసలీ అని ఉంటే భయపడకండి, 590 కలిపితే 1954 వస్తుంది. అక్కడినుంచి వచ్చే ఏడు దాకా. రెండో తికమక పేర్లు. పాత నిజాం కాగితాలు ఉర్దూలో ఉంటాయి, ఉర్దూలో హ్రస్వాలు రాయరు. మల్లయ్య అని రాసింది ముల్లయ్య అని కూడా చదవొచ్చు. ‘వల్ద్’ అంటే ఫలానావాడి కొడుకు. కొన్ని చోట్ల ఇంటిపేరు బదులు కులం ఉంటుంది. ఇంకొన్ని చోట్ల పేరు చివర ‘అయ్య’ తీసేసి ‘గాడు’ అని ఉంటుంది. రాసిన పట్వారీకి, రాయించుకున్న మనిషికి మధ్య ఎంత ఎడం ఉందో ఆ ఒక్క ‘గాడు’లో తెలుస్తుంది. మాకు ఉర్దూ పంతులుగా రిటైరైన ఒక పెద్దమనిషి చదివిపెట్టారు. డబ్బులు తీసుకోలేదు, చాయ్ మాత్రం తాగారు.

ఖాస్రా పహాణీలో మా ముత్తాత దొరికాడు. సాగుదారు గడిలో, తండ్రి పేరుతో సహా. నాలుగెకరాల పన్నెండు గుంటలు, ఖుష్కీ, జొన్న. హోదా గడిలో రక్షిత కౌలుదారు అని ఉంది. ఆ రెండు మాటలు చదివినప్పుడు మాకు దాని బరువు తెలియలేదు, సంఘం వకీలు చెబితే తెలిసింది.

1946 నుంచి 1951 దాకా తెలంగాణలో సాయుధ పోరాటం నడిచింది. దున్నేవాడిదే భూమి అన్న మాట ఊరూరా పాకింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. కనీసం ఆరేళ్లు వరుసగా భూమి చేసుకుంటున్న కౌలుదారును, చట్టం చెప్పిన షరతుల ప్రకారం, రక్షిత కౌలుదారుగా రాయాలి. ఇష్టం వచ్చినప్పుడు బేదఖలు చేయడానికి వీల్లేదు. ఇందాక చట్టం భయంతో ఇవ్వడానికి కూడా రాశారు అన్నది దీన్నే. అంత పెద్ద పోరాటం జరిగితే తప్ప కౌలుదారు పేరు ఒక రిజిస్టరుకు ఎక్కలేదు. ఆ రిజిస్టరు కూడా చూశాం. వాగుచెలక సర్వే నంబరుకు ఎదురుగా మా ముత్తాత పేరుంది. అంటే ఆయన దొర దయ మీద దున్నినవాడు కాదు, చట్టప్రకారం హక్కున్న మనిషి. ఈ సంగతి మా తాతకు కూడా తెలియదు.

సేసల పహాణీలో మొదటి ఏడు ఆయన పేరే ఉంది. రెండో ఏడు, అంటే 1956-57లో, సాగుదారు గడిలో ‘ఖుద్’ అని ఉంది. ఖుద్ అంటే స్వయంగా. పట్టాదారు తనే సాగు చేస్తున్నాడని. ఆ ఊళ్లో వందల ఎకరాలున్న దొర ఆ ఏడు వాగుచెలకలో నాగలి పట్టాడన్నమాట!

ఆ ‘ఖుద్’ ఎట్లా వచ్చిందో తెలుసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టాం. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. మొదటిదానికి రాలేదు, అప్పీలుకు వచ్చింది. వచ్చిన నకళ్లలో ఒక పేజీ ఉంది. ఫలానా సర్వే నంబరు భూమిని నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను, ఇక నాకు ఎలాంటి హక్కు లేదు అని. కింద వేలిముద్ర, దాని పక్కన ఎవరో రాసిన మా ముత్తాత పేరు.

అప్పటిదాకా ఆయనవి మేం చూసినవన్నీ పట్వారీ చేతిరాతలే. ఆయన ఒంటి గుర్తు అదొక్కటే. జిరాక్సులో సగం నల్లగా అలుక్కుపోయింది. మా చిన్న మేనత్త ఆ కాగితం మీద తన బొటనవేలు ఆనించి చూసుకుంది, ఎవరం ఏమీ అనలేదు.

తర్వాత తేదీ చూశాం. 1956 జూలై నెలాఖరు. ఈ హాల్లో ఉన్నవాళ్లంతా రైతులే, మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. మృగశిర పోయి, ఆరుద్ర పోయి, పుష్యమి కార్తె నడుస్తున్న రోజులు. మెట్ట జొన్న విత్తడం అయిపోయి మొలక మీద ఉంటుంది. ఆ ఏడు పహాణీలో వాగుచెలక పంట గడిలో జొన్న అనే ఉంది. దుక్కి దున్ని, విత్తనం పెట్టి, మొలక వచ్చాక ఇష్టపూర్వకంగా పొలం వదులుకునే రైతు ఎక్కడైనా ఉంటాడా? వదులుకునేవాడు ఉగాదికి ముందు వదులుకుంటాడు. ఇంకొకటి. అట్లా వదులుకోవాలంటే రాసిచ్చిన కాగితం చాలదు. కౌలుదారు తహసీల్దారు ఎదుటికి వచ్చి అవును అని ఒప్పుకోవాలి, అది నిజాయితీగా జరిగిందని తహసీల్దారుకు నమ్మకం కుదరాలి. చట్టంలో అట్లాగే ఉంది. మాకొచ్చిన నకల్లో తహసీల్దారు సంతకం లేదు, ముద్ర లేదు. అసలు దస్త్రంలో ఉందేమో చూపించమని మళ్లీ అడిగాం, ఆ దస్త్రం దొరకలేదన్నారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకోకండి. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలెట్లా ఉన్నాయో హైదరాబాదు రాష్ట్రమంతా తిరిగి ఎ.ఎం. ఖుస్రో ఒక అధ్యయనం చేశారు, 1958లో అచ్చయింది. రక్షిత కౌలుదారులుగా రాసుకున్నవాళ్లలో నాలుగేళ్లు తిరిగేసరికి సగానికి పైగా ఆ హోదాలో లేరని అందులో తేలింది. కొద్దిమంది భూమి కొనుక్కుని యజమానులయ్యారు. మిగతావాళ్లలో ఎక్కువమంది అక్రమంగా బేదఖలైనవాళ్లు, కాకుంటే ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నవాళ్లు. ఇంతమందికి ఒకేసారి భూమి మీద విరక్తి పుట్టిందని నమ్మమంటే మేం నమ్మం. 1973లో ముప్పై ఎనిమిది-ఇ సెక్షన్ కింద తెలంగాణలో రక్షిత కౌలుదారులను యజమానులుగా ప్రకటించినప్పుడు, అప్పటికి రిజిస్టరులో నిలిచినవాళ్లకే ఆ ఫలం దక్కింది. మా ముత్తాత అప్పటికి బతికి లేడు. కొడుకులు కూలికి పోతున్నారు.

ఆయన కల్లు తాగేవాడా అంటే తాగేవాడే. ఆ ఊళ్లో ఎవరు తాగరు? భూమి మాత్రం కల్లుకు పోలేదు. దొర ఆ మాట పుట్టించాడో, అవమానం దాచుకోవడానికి మా వాళ్లే పుట్టించుకున్నారో ఏ కాగితమూ చెప్పదు. మొన్న దసరాకు మూడు ఇళ్లవాళ్లం కలిసినప్పుడు ఈ కాగితాలన్నీ పరిచి పిల్లలకు చదివి వినిపించాం. ‘ముత్తాత పోలిక’ అన్న మాట ఇక మా ఇళ్లలో ఎవరూ ఆ అర్థంలో అనొద్దని పెద్దలు చెప్పారు.

ముత్తవ్వ సంగతి వేరు. ఆమె ఒక్క చోట దొరికింది, ముత్తాత పోయిన తర్వాత వేసిన ఒక అర్జీ మీద. ‘జౌజే ఫలానా’, అంటే ఫలానావాడి భార్య. పేరు లేదు. నాట్లు, కలుపులు, కోతలు అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగుంటాయి, సాగుదారు గడిలో మాత్రం ఆమె లేదు. ఆమె పేరు మాకు తెలిసింది ఎట్లాగంటే, పెద్ద మేనత్తకు ఆ పేరే పెట్టుకున్నారు గనుక. దేశంలో మొదటి ఎన్నికలకు, 1951-52లో, ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప పేరు చెప్పని ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. అట్లా సుమారు 28 లక్షల మందిని, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల వాళ్లను, జాబితా నుంచి తీసేశారు. మన దగ్గర ఇవాళ కూడా అత్తగారి ఊళ్లో పొలం పని అంతా చేసి పాసుబుక్కులో పేరు లేని అక్కలు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తితే తెలుస్తుంది. ఎత్తమని అడగం.

ఇప్పుడు ఈ కాగితాలతో ఏం చేయాలన్నది. దీని మీద మా మూడు ఇళ్లలో ఒక మాట లేదు. కేసు వేద్దామని తమ్ముళ్లు అంటున్నారు. వాగుచెలక ఇప్పుడు దొర వారసుల దగ్గర లేదు. డెబ్బైల్లో ముక్కలు చేసి అమ్మేశారు. కొన్నవాళ్లు రెండు కుటుంబాలు, ఎకరం, రెండెకరాల రైతులు. బావి తవ్వుకున్నారు, బోరు వేసుకున్నారు, అప్పులున్నాయి. అందులో ఒకాయన మన సంఘ సభ్యుడు, మేం వెతుకుతున్నామని తెలిసి తన దగ్గరున్న పాత శిస్తు రసీదులు తనే తెచ్చిచ్చాడు. ఆయన మీద కేసెట్లా వేస్తాం? దొర చేసిన పనికి జవాబు చెప్పాల్సింది ఆయన కాదు. వేయకపోతే ముత్తాతకు జరిగిన అన్యాయం అట్లాగే ఉండిపోతుంది గదా అని తమ్ముళ్ల వాదన, అదీ కొట్టిపారేసేది కాదు. ఇప్పటికైతే ఎవరి భూమి జోలికీ పోకుండా, ఆ దస్త్రం వెతికి చూపించమని మాత్రం అర్జీ పెట్టాం. మీ ఊళ్లలో ఇట్లాంటివి బయటపడితే తొందరపడి నోటీసులు ఇవ్వకండి, ముందు సంఘంలో కూర్చోండి.

మా వెతుకులాటంతా ఒక్క గడి మీద నిలబడింది. సాగుదారు గడి. అది లేకుంటే మాకు ముత్తాత లేడు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ గడి తీసేశారు. పట్టాదారు తప్ప దున్నేవాడు రికార్డులో లేకుండా పోయాడు. 2018 నుంచి ఇచ్చిన రైతుబంధు పట్టాదారుకే పోయింది, పంట మునిగింది మాత్రం కౌలుదారుది. ఆంధ్రలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 2019 చట్టం కింద యజమాని సంతకం పెడితేనే కార్డు వచ్చేది, యజమాని పెట్టేవాడు కాదు. 1956లో మా ముత్తాత పేరు తీసేయడానికి కనీసం ఒక వేలిముద్ర కావాల్సి వచ్చింది. ఇవాళ అది కూడా అక్కర్లేదు, ఎక్కించకపోతే చాలు.

అందుకని మా ఊళ్లో సంఘం తరఫున ఈ వానాకాలం నుంచి ఒక పుస్తకం పెట్టాం. రెండు వందల పేజీల లాంగ్‌ బుక్కు. ఏ సర్వే నంబరు ఎవరు సాగు చేస్తున్నారు, ఏం పంట, కౌలు ఎంత. ఇంటి ఆడమనిషి పేరు మొదట రాస్తున్నాం. పంట పొలంలో నిలబడి తీసిన ఫొటో, ఇద్దరు పక్క పొలాల రైతుల సంతకాలు. కొందరు కౌలుదారులు భయపడి రాయించుకోలేదు, యజమానికి తెలిస్తే వచ్చే ఏడు భూమి ఇవ్వడని. వాళ్లను బలవంతం చేయలేదు. సర్కారు దీన్ని రికార్డుగా ఒప్పుకోదని మాకు తెలుసు. పంట నష్టం లెక్కలు రాయడానికి వ్యవసాయ విస్తరణాధికారి వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందు పెడతాం.

రేపు పొద్దున తొమ్మిదింటికి రికార్డులు చదివే అభ్యాసం ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న పాత శిస్తు రసీదులు, సాదా బైనామాలు, పహాణీ నకళ్లు, సొసైటీ అప్పు కాగితాలు, ఏవున్నా తెచ్చుకోండి. ఉర్దూ చదివే పంతులుగారు కూడా వస్తున్నారు. జిరాక్సులు చాలు. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మా చేతికి కూడా.